నేను పక్కన పెట్టిన మూడు సెల్స్

పోయిన నెల మా పాత ల్యాబ్‌వాళ్ళు పిలిచి, కొత్తగా చేరిన పిల్లలతో కాసేపు మాట్లాడమన్నారు. "సర్వీసులో మీరు సాధించింది చెప్పండి సార్" అన్నారు. సాధించింది చెప్పడానికి పది నిమిషాలు చాలాయి. ఇంకా అరగంట మిగిలింది. అప్పుడు వెనక వరుసలోంచి ఒకమ్మాయి లేచి, "మీరు చేసిన అన్నిటికంటే పెద్ద తప్పేమిటి సార్?" అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఏదో చిన్న తప్పు చెప్పి దిగిపోయాను. ఇంటికొచ్చాక ఆ అమ్మాయిని మోసం చేసినట్టు అనిపించింది. తను అడిగింది పెద్ద తప్పు. అది ఇదే.

సికింద్రాబాద్‌లో, బోయిన్‌పల్లి దాటాక, ఒక పొడవాటి ప్రహరీ వెనక మా ల్యాబ్ ఉండేది. పని బ్యాటరీల మీద పరిశోధన. నేను విజయనగరం వైపు నుంచి వచ్చి అల్వాల్‌లో స్థిరపడిన మనిషిని. రోజూ స్కూటర్ మీద వెళ్ళి వచ్చేవాణ్ణి. మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్న కాలం అది. మా ల్యాబ్‌లో రెండు మూడు నెలలకొకరు రాజీనామా కాగితం ఇచ్చి అటు వెళ్ళిపోయేవారు. రసాయన శాస్త్రంలో పిహెచ్‌డీ చేసినవాళ్ళు మధ్యాహ్నం క్యాంటీన్‌లో జావా పుస్తకం తెరిచి కూర్చునేవారు. ఉండిపోయినవాళ్ళని బయటివాళ్ళు కాస్త జాలిగా చూసేవారు.

ఉండిపోయినవాళ్ళలో ఒకావిడ గురించే ఇదంతా. వయసు ముప్పై రెండో ముప్పై మూడో. సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగిన క్రైస్తవ కుటుంబం, తల్లీ తండ్రీ ఇద్దరూ మిషన్ స్కూల్లో టీచర్లు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడేది. అప్పట్లో ఫోన్లలో వచ్చే లిథియం సెల్స్ నాలుగు వోల్టుల పైన కొంచెం దూరం వెళ్ళి ఆగేవి. ఐదు వోల్టుల దగ్గరదాకా వెళ్ళగలిగితే, అంతే సైజు సెల్‌లో ఎక్కువ శక్తి దాచుకోవచ్చు. అందుకు కావలసిన పొడి వేరు. నికెల్, మాంగనీసు, లిథియం కలిపి కొలిమిలో కాల్చి చేయాలి. ఆ పొడి ఆవిడది. రెండేళ్ళు పట్టింది ఆవిడకి దాన్ని సరిగ్గా కాల్చడం పట్టుబడడానికి.

పొడి చేయడం ఆవిడ పని. దాన్ని సెల్‌గా మార్చి, ఎన్నిసార్లు ఛార్జి చేసి వాడితే ఎంత మిగులుతుందో కొలిచి, రిపోర్ట్ రాయడం నా పని. మధ్యలో ఒక మనిషి ఉండేవాడు. మిక్సింగ్ గదిలో టెక్నీషియన్. ల్యాబ్ అంతా 'అన్న' అని పిలిచేవాళ్ళం. బోయిన్‌పల్లి మనిషి. మా దగ్గరికి రాకముందు టార్చిలైట్ సెల్స్ తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు పనిచేశాడు. గోళ్ళ కింద నలుపు ఎంత కడిగినా పోయేది కాదు.

ఆ నలుపు కార్బన్. దాని సంగతి ఇక్కడ కాస్త చెప్పాలి. సెల్‌లో శక్తిని దాచుకునే పొడి కరెంటుని తనంతట తాను బాగా మోయలేదు. అందుకని దానితో మెత్తటి మసిలాంటి కార్బన్ కొంచెం కలుపుతాం. వందపాళ్ళలో ఐదారు పాళ్ళు, అంతే. రేణువుకీ రేణువుకీ మధ్య అది కరెంటుకి దారి ఇస్తుంది. జిగురు కలిపి ముద్ద చేసి, పల్చటి అల్యూమినియం రేకు మీద పూసి, ఎండబెట్టి, బిళ్ళలుగా కత్తిరించి, కోటు గుండీ అంత సెల్‌లో పెట్టి, ద్రవం పోసి మూసేస్తాం. దాచేది పొడి, కార్బన్ దారి మాత్రమే. దారి గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. నేనూ ఆలోచించలేదు. ఆలోచించింది ఒక్కసారే, అదీ గొప్పకోసం.

అంతకు ముందు ఏడాది నేనే ఒక కొత్త రకం కార్బన్ తెప్పించాను. డబ్బా మూత తీస్తే పొగలా లేచేది. ఎంత తేలికంటే తూకం పళ్ళెంలో పెడుతుంటే ఊపిరికే ఎగిరిపోయేది. పాతదానికంటే రేణువులు చిన్నవి, లోపలంతా రంధ్రాలు. గుప్పెడు కార్బన్‌లో క్రికెట్ మైదానమంత ఉపరితలం. మామూలు నాలుగు వోల్టుల సెల్స్‌లో కలిపితే నిరోధం బాగా తగ్గింది. మా హెడ్ మీటింగ్‌లో అందరి ముందూ నా వీపు తట్టాడు. ఆ రోజునుంచి అన్ని సెల్స్‌కీ అదే వాడాలని నోటీసు పెట్టించాను.

అన్నకి మాత్రం అది నచ్చలేదు.

"ఇది కార్బన్ కాదు సార్, దయ్యం. ముక్కులకు పోతది, చెవులకు పోతది. ఇంటికి పోయి తుమ్మితే సుత నల్లగనే వస్తది. ఆ పాతదే మంచిగుండె."

"మాస్కు పెట్టుకో అన్నా" అన్నాను. అంతకంటే వినలేదు.

ఆవిడ పొడితో మొత్తం పదిహేను సెల్స్ చేశాం. ఐదు వోల్టుల దగ్గరదాకా తీసుకెళ్ళి, దించి, మళ్ళీ తీసుకెళ్ళి, అలా నడిపించాం. ముప్పైసార్లు తిరగకముందే సెల్స్ నీరసించాయి. పైగా ప్రతిసారీ లోపలికి ఇచ్చినదానికంటే బయటికి వచ్చింది తక్కువ. మధ్యలో ఎక్కడో కారిపోతున్నట్టుంది. పన్నెండు సెల్స్ ఇలాగే పోయాయి.

మిగతా మూడు పోలేదు. మొదట్లో వాటిలో వచ్చింది మిగతావాటికంటే కొంచెం తక్కువే. నిరోధం కొంచెం ఎక్కువ. కానీ ఆ తక్కువే అలాగే నిలబడి నడుస్తూ పోయింది. గ్రాఫ్ మీద పన్నెండు గీతలు కిందికి జారుతుంటే, ఈ మూడూ అడ్డంగా, అమాయకంగా సాగిపోతున్నాయి. నేను చూశాను. మొదట్లోనే నిరోధం ఎక్కువుంది కాబట్టి వీటిని సరిగ్గా బిగించి ఉండరనుకున్నాను. తీసేశాను. పన్నెండు గీతలతో గ్రాఫ్ శుభ్రంగా కనిపించింది. కింద ఒక వాక్యం రాశాను: 'అధిక వోల్టేజి వద్ద ఈ పదార్థం స్థిరంగా లేదు.'

రిపోర్ట్ చూసి ఆవిడ నా గదికి వచ్చింది.

"సార్, వాడిన సెల్ విప్పి నా పొడిని ఎక్స్‌రేలో చూశాను. దాని నిర్మాణం ఏమీ మారలేదు. పొడి పాడవలేదు సార్. ఇంకేదో అవుతోంది."

"ఇంకేముందమ్మా అందులో? మిగతావన్నీ మామూలు సెల్స్‌లో బాగానే పనిచేస్తున్నాయి. మారింది మీ పొడి ఒక్కటే."

ఈ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా ఎంతో సబబుగా వినిపిస్తోంది. మారింది పొడి ఒక్కటే కాదు, వోల్టేజి కూడా మారింది. నాలుగు వోల్టుల దగ్గర మంచిగా ఉన్నది ఐదు దగ్గర కూడా మంచిగానే ఉంటుందని నాకెవరూ మాట ఇవ్వలేదు. ఆవిడ "సరే సార్" అని వెళ్ళిపోయింది. మా హెడ్ సంతకం పెట్టాడు. మూడు వారాల్లో బయటి కమిటీ వచ్చి, ఈ పని మూసేయాలా వద్దా తేల్చాలి. నా రిపోర్ట్ ఉండగా తేల్చడానికేమీ మిగల్లేదు. ఆ వారంలోనే ఆవిడ రాజీనామా ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగమట. క్యాంటీన్‌లో అందరూ అభినందించారు. నేను కూడా.

ఆ ఆదివారం పొద్దున్న మా ఆవిడతో బోయిన్‌పల్లి మార్కెట్‌కి కూరగాయలకి వెళ్ళాను. నా మనసు బాగోలేదని ఆవిడ కనిపెట్టింది. టమాటాల బుట్ట ముందు నిలబడి అడిగింది.

"ఏటయింది మీకు? నిన్నట్నుంచీ పలకరు."

జరిగింది చెప్పాను. ఆవిడ తెలుగు ఎమ్మే. బ్యాటరీ అంటే గోడ గడియారంలో వేసేదనే తెలుసు. అయినా విన్నది. పన్నెండు సెల్స్ పోయాయని, మూడు సరిగ్గా బిగించలేదు కాబట్టి తీసేశానని అన్నాను.

"సరిగ్గా బిగించనివి ముందు పాడవ్వాలి కదండీ?" అంది, ఒక టమాటా నొక్కి చూస్తూ. "అవే బాగుండడమేటి?"

సంచీ పట్టుకుని నిలబడిపోయాను. వెనకనుంచి తోపుడుబండి అతను అరిస్తే గాని పక్కకి జరగలేదు. నిజంగా సిగ్గుగా అనిపించాల్సిన చోటు అది. కానీ నాకు ముందు కలిగింది సిగ్గు కాదు, కుతూహలం. అవే బాగుండడమేమిటి? ఇంట్లో ఆ రోజు ఏం తిన్నానో గుర్తులేదు.

సోమవారం వెళ్ళగానే మిక్సింగ్ గదిలో రిజిస్టర్ తీశాను. ఏ రోజు ఏ ముద్దలో ఏమేం ఎంతెంత కలిపారో అన్న తన గుండ్రటి అక్షరాలతో రాసే పుస్తకం. ఆ మూడు సెల్స్ ఒకే రోజు ముద్దవి. కార్బన్ అన్న చోట, మిగతా రోజుల్లో ఉన్న 'కొత్తది' అనే మాట బదులు, 'పాత డబ్బా' అని ఉంది.

"అన్నా, ఇదేంటి? పాత డబ్బా ఎందుకు వాడావు?"

"ఆ రోజు కొత్త డబ్బా ఖతమైంది సార్. మీరు బెంగళూరు పోయిండ్రు. పని ఆగితే మేడమ్ పరేషాన్ అయితది అని పాతదే తీసిన. తప్పయిందా?"

"తప్పు కాదు. నాకు చెప్పలేదేం?"

"రాసిన గద సార్." రిజిస్టర్ మీద వేలు పెట్టి చూపించాడు. "గీడనే ఉంది. మీరు జెర చదివితే తెలుస్తుండె."

అంత మర్యాదగా నన్ను ఎవరూ తిట్టలేదు.

ఆ రోజే రెండు ముద్దలు చేయించాను. అదే పొడి, అదే జిగురు. ఒకదానిలో పాత కార్బన్, ఒకదానిలో కొత్తది. వాటిని టెస్టింగ్‌కి ఎక్కించాక కూడా నాకు ఆగబుద్ధి కాలేదు. తేడా కార్బన్ వల్లనే అనుకుందాం. అయితే కార్బన్ అక్కడ ఏం చేస్తోంది? పొడి పక్కనుంటే ఎవరిదేం పనో తెలియదు. పొడి తీసేస్తే?

"అన్నా, ఇంకో ముద్ద చెయ్. పొడి వద్దు. ఒట్టి కార్బన్, జిగురు."

అన్న నావైపు చూశాడు. "మాల్ లేకుండ ఉత్త మసితోనా సార్? గదేం పని చేస్తది?"

"చేయకూడదు. చేయదో లేదో చూద్దాం."

"చేయనిదానికోసం ఇంత తక్లీఫా?" అని నవ్వుతూనే షురూ చేశాడు.

కొత్త కార్బన్‌తో ఒకటి, పాత కార్బన్‌తో ఒకటి, ఏమీ పూయని ఉత్త రేకుతో ఒకటి. మూడు సెల్స్. దాచుకునే పొడి దేనిలోనూ లేదు కాబట్టి, వీటిలోకి కరెంటు వెళ్ళడానికి కారణం లేదు. ఉత్త రేకు అలాగే గమ్మునుంది. పాత కార్బన్ కొంచెం తీసుకుంది. కొత్త కార్బన్, నాలుగున్నర వోల్టులు దాటిన దగ్గరనుంచి, తీసుకుంటూనే పోయింది. తెర మీద అంకె పెరుగుతూనే ఉంది. తిరిగి ఇమ్మంటే ఏమీ ఇవ్వలేదు. అన్న నా పక్కన నిలబడి చూస్తున్నాడు.

"ఎటు పోతున్నది సార్ గది?"

"ద్రవాన్ని కాలుస్తోంది అన్నా. అంత వోల్టేజిలో ద్రవం కార్బన్‌ని ఎక్కడ తాకితే అక్కడ పాడవుతోంది. కొత్తదానికి తాకే చోటు ఎక్కువ కదా."

మైదానమంత ఉపరితలం అని నేను మురిసిపోయింది దాన్ని చూసే. ఆ మైదానమంతా ఇప్పుడు ద్రవం తగలబడుతోంది. ఆవిడ పొడి మధ్యలో కూర్చుని, తనది కాని నేరానికి ఎండిపోతోంది. ఆ కార్బన్ తెప్పించింది నేను. అన్నిటిలో వాడమన్నది నేను. పాడు చేసిందీ నేనే, పాడయిందని తీర్పు రాసిందీ నేనే.

ఇక్కడితో ఆగి ఆవిడ దగ్గరికి వెళ్ళి ఉండాల్సింది. వెళ్ళలేదు. పూర్తిగా తెలిశాక వెళదామనుకున్నాను. పిరికితనానికి అది మంచి పేరు. ఉపరితలం తక్కువుంటే మేలు అనుకుని, ఇంకా తక్కువున్నది వెతికాను. గ్రాఫైట్ రేకులు దొరికాయి. పెన్సిల్ ముల్లులో ఉండేదే, పొరలు పొరలుగా ఉంటుంది. ఒట్టి గ్రాఫైట్‌తో సెల్ చేసి ఎక్కించాను. అన్నిటికంటే బుద్ధిగా ఉంటుందని నా నమ్మకం. అది కరెంటు తీసుకుంది. అంతవరకూ సరే. దించితే, తీసుకున్నదాంట్లో చాలా భాగం తిరిగి ఇచ్చింది.

నాకు మతిపోయింది. దాచుకునేదేమీ లేని సెల్ దాచుకుంటోంది! రెండు రోజులు పుస్తకాలు తిరగేశాను. ల్యాబ్‌లో ఈ ప్రశ్న అడగదగిన మనిషి ఒకరే ఉన్నారు.

కమిటీ వచ్చే ముందు రోజు మధ్యాహ్నం కొలిమి గదికి వెళ్ళాను. ఆవిడ బల్ల ముందు కూర్చుని రాసుకుంటోంది.

"ఒక గ్రాఫ్ చూస్తారా అమ్మా?"

"హ్యాండోవర్ నోట్స్ రాస్తున్నాను సార్. రేపు కమిటీ కదా, ఇవాళ ఇచ్చేయాలి." తల ఎత్తలేదు.

కాగితం బల్ల మీద పెట్టాను. కాసేపటికి కళ్ళు అటు వెళ్ళాయి. పెన్ను ఆగింది.

"ఇందులో నా పొడి ఎంతుంది?"

"అసలు లేదు. ఒట్టి గ్రాఫైట్."

"లేదా?" కాగితం దగ్గరికి లాక్కుంది. "మరి తిరిగి ఇస్తోందేంటి?"

"అదే మిమ్మల్ని అడుగుదామని."

ఆవిడ నోట్స్ పక్కకి తోసి పెన్సిల్ తీసింది. అడ్డంగా నాలుగు గీతలు గీసింది. "ఇవి గ్రాఫైట్ పొరలు. వీటి మధ్యలోకి ఏదో దూరుతోంది, మళ్ళీ బయటికి వస్తోంది. లిథియం కాదు, ఛార్జి చేసేటప్పుడు లిథియం ఇటు రాదు, అవతలికి పోతుంది. ద్రవంలో కరిగిన ఉప్పు ఉంది కదా సార్. లిథియం అటు పోతే దాని జోడీ మిగులుతుంది. నెగటివ్ అయాన్. అది ఇటు వస్తోంది!"

"అంత పెద్దది ఈ సందులో పడుతుందా?"

"పడితే పొరలు ఉబ్బాలి. ఆ సెల్ ఎక్కడుంది? విప్పుదామా?"

విప్పాం. బిళ్ళ మీద పూత పొంగి, అప్పడంలా లేచి, పట్టుకుంటే ఊడి వచ్చింది. ఆవిడ దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. "చూడండి సార్, చూడండి" అంది. మూడు వారాల్లో ఆవిడ ముఖంలో నవ్వు చూడడం అదే మొదటిసారి. అంటే రంధ్రాల కార్బన్ ఒకరకంగా చెడగొడితే, పొరల కార్బన్ ఇంకోరకంగా చెడగొడుతోంది. అన్న పాత డబ్బాలోది ఈ రెంటికీ మధ్యలో, రెండు చెడ్డగుణాలూ తక్కువగా ఉన్న రకం. మేమిద్దరం కాసేపు అన్నీ మరిచిపోయి అదే మాట్లాడుకున్నాం.

అప్పుడు నా చేతిలో ఇంకో కాగితం ఉండడం ఆవిడ చూసింది. పాత కార్బన్ సెల్స్ గ్రాఫ్.

"ఇవి నా పొడివేనా? ఇంత బాగా నడుస్తున్నాయా? ఎప్పుడు చేశారు?"

తేదీ చెప్పాను. ఆవిడ లెక్క వేసుకుంది.

"ఇవి రిపోర్ట్‌కి ముందువి కదా సార్."

"అవును."

"రిపోర్ట్‌లో లేవు."

"లేవు. సరిగ్గా బిగించలేదనుకుని తీసేశాను."

"అనుకున్నారా, చూశారా?"

"అనుకున్నాను."

ఆవిడ కోప్పడితే బాగుండేది. పెన్సిల్ బల్ల మీద పెట్టి, నెమ్మదిగా అంది: "ఇంట్లో మా అమ్మకి రోజూ చెబుతున్నాను సార్, నా పొడిలోనే ఏదో లోపం ఉండి ఉంటుంది, నాకే దొరకట్లేదని. మొదట ఊరికే అన్నాను. తర్వాత నమ్మాను."

క్షమించమని అన్నాను. ఆవిడ తల ఊపింది. ఆ ఊపడానికి అర్థం సరే అనో, విన్నాననో నాకు ఇప్పటికీ తెలియదు.

సాయంత్రం మా హెడ్‌కి అంతా చెప్పాను. ఆయన చెడ్డ మనిషి కాదు. సైనిక్‌పురిలో ఇల్లు, మాటలోనూ నడకలోనూ క్రమశిక్షణ. చాలాసేపు కళ్ళద్దాలు తుడిచాడు.

"రిపోర్ట్ తప్పని అననక్కర్లేదయ్యా. 'తదుపరి పరిశీలనలో అదనపు సమాచారం లభించింది' అను. పనీ నిలుస్తుంది, పరువూ నిలుస్తుంది."

ఆ వాక్యం నాకు చాలా నచ్చింది. మర్నాడు పొద్దున స్కూటర్ మీద దాన్నే నాలుగైదుసార్లు పలికి చూసుకున్నాను. కమిటీ గదిలో ఆవిడ చివరి కుర్చీలో కూర్చుని ఉంది. నేను లేచి, పదిహేను గీతలూ ఉన్న గ్రాఫ్ తెర మీద వేశాను. వాక్యం మొదలుపెట్టాను. "తదుపరి పరిశీలనలో..." అనగానే, బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ ఒకాయన చెయ్యెత్తి ఆపాడు.

"ఈ పైన ఉన్న మూడూ మాకు పంపిన రిపోర్ట్‌లో చూడలేదే?"

"లేవండి."

"ఎందుకు లేవు?"

ఆ వాక్యం తాలూకు మిగతా సగం నా నోట్లోనే ఉంది. మింగేశాను. "నేను తీసేశానండి."

"కారణం?"

"మిగతా పన్నెండింటితో కలవలేదని."

"అంటే," అన్నాడాయన, "బాగా పనిచేశాయని తీసేశారు."

ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. నేను అవునన్నాను. ఆ తర్వాత నాకు చెప్పడం తేలికైంది. కార్బన్ ఎంపిక నాదేనని, రెండు కార్బన్లతో మళ్ళీ చేయించిన సెల్స్‌లోనూ అదే తేడా వచ్చిందని, పదార్థంలో లోపం లేదని, నా రిపోర్ట్ వెనక్కి తీసుకుంటున్నానని, పాత డబ్బా సంగతి రిజిస్టర్‌లో రాసిపెట్టింది మా టెక్నీషియన్ అని, గ్రాఫైట్ సంగతి విడమరిచి చెప్పింది చివరి కుర్చీలో ఉన్నావిడ అని చెప్పాను. ప్రొఫెసర్ ఆవిడవైపు తిరిగాడు. తర్వాత గంటసేపు ఆయన నన్ను ఏమీ అడగలేదు. ఆవిడనే అడిగాడు. ఆవిడ లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి మాట్లాడింది. అంత గట్టిగా మాట్లాడగలదని మాకెవరికీ తెలియదు.

పని మూసేయలేదు. ఇంకో రెండేళ్ళు పొడిగించారు. నాకు ఆ ఏడాది రావలసిన ప్రమోషన్ రాలేదు. హెడ్ నెలరోజులు నాతో పొడిపొడిగా మాట్లాడి, తర్వాత మామూలయ్యాడు. కొత్త కార్బన్ డబ్బా మీద అన్న ఎర్ర స్కెచ్ పెన్నుతో 'ఐదు వోల్టులకు వద్దు' అని రాశాడు.

ఆవిడని ఉండిపొమ్మని హెడ్ అడిగాడు, నేనూ అడిగాను.

"సోమవారం చేరతానని మాటిచ్చాను సార్. ఇప్పుడైతే కోపంలో వెళ్ళగలను. కోపం తగ్గితే వెళ్ళలేను" అంది.

మిగిలిన మూడు రోజులూ నాకు పొడి కాల్చడం నేర్పింది. ఇంకెవరూ లేరు మరి. యాభైకి దగ్గరపడిన వయసులో కల్వం ముందు కూర్చుని నూరడం నేర్చుకున్నాను. ఏ వేడి దాకా ఎంతసేపట్లో వెళ్ళాలి, ఎక్కడ ఎంతసేపు ఆగాలి, అన్నీ కాగితం మీద రాసిచ్చింది. సోమవారం మాదాపూర్ వెళ్ళిపోయింది.

ఆ ఐదు వోల్టుల సెల్ చివరికి బజారుకి రాలేదు. కార్బన్ సంగతి సర్దుకున్నాక, ఆ వోల్టేజి ద్రవానికే పడదని తేలింది. అది ఇంకొకరి కథ. నేను రిటైరయ్యేదాకా ఎవరు ఏ కొత్త పొడి తెచ్చినా, ముందు ఆ పొడి లేకుండా ఒక సెల్ చేయించేవాణ్ణి. పిల్లలు విసుక్కునేవారు. మీరూ విసుక్కుంటారు. అయినా చేయండి.

ఆవిడ వెళ్ళిన రెండు నెలల్లో నేను ఆరు విడతలు పొడి కాల్చాను. దాదాపు అన్నీ పాడే. ఆవిడ కాగితంలో ఉన్నట్టే చేశాను, ఎక్కడ తప్పుతోందో అంతుపట్టలేదు. మూడు రోజులు తటపటాయించి ఒక మధ్యాహ్నం ఆవిడ ఆఫీసుకి ఫోన్ చేశాను. ఎలా ఉన్నారని అడిగాను. బాగున్నానంది.

"పొడి రావట్లేదమ్మా" అన్నాను.

"ఎన్నిసార్లు కాల్చారు?"

"ఆరు."

"రిజిస్టర్ ముందుందా? ఆరూ వరసగా చదవండి సార్. ఏదీ వదలొద్దు."

చదివాను. నాలుగోది చదువుతుంటే ఆపింది. "అది బాగానే వచ్చింది కదా! ఆ రోజు ఏం చేశారు?"

"ఏం చేయలేదు. మధ్యలో కరెంటు పోయింది. ఇక లాభం లేదని కొలిమి అలాగే మూసి ఉంచి ఇంటికి వెళ్ళిపోయాను. మర్నాడు పొద్దున తీశాను."

"మిగతా రోజుల్లో?"

"కాల్చడం అయిపోగానే, త్వరగా చల్లారుతుందని తలుపు తెరిచేవాణ్ణి."

అటునుంచి నవ్వు వినిపించింది. "అది నిదానంగా చల్లారాలి సార్. అప్పుడే పోయిన ఆక్సిజన్ మళ్ళీ లోపలికి వస్తుంది. అది కాగితంలో రాయడం మర్చిపోయాను, తప్పు నాదే. మీరు ఇంటికి వెళ్ళిపోవడమే మంచిదైంది."

వెనకనుంచి ఎవరో ఆవిడని మీటింగ్‌కి రమ్మని పిలుస్తున్నారు. "టూ మినిట్స్" అని వాళ్ళకి చెప్పింది. ఇక పెట్టేస్తుందనుకుని, థాంక్స్ చెప్పబోయాను.

"సార్," అంది, "ఆ నాలుగోది, ఏ రంగులో వచ్చింది?"